అంచు గొర్రె

నాగరాణి మేడం పరమాణువు పాఠాన్ని గొర్రెల మందతో మొదలుపెడుతుంది. పుస్తకంలో అలా ఉండదు. అందులో సూర్యుడూ గ్రహాలూ ఉంటాయి. కేతేపల్లి దగ్గరి బాలికల గురుకులంలో తొమ్మిదో తరగతి పిల్లలకు గ్రహాలను ఎక్కడినుంచి తెచ్చి చూపిస్తాం? కిటికీలోంచి తల బయటపెడితే మాత్రం మూసీ కాలువ కింది మళ్లలో గొర్రెలు కనిపిస్తాయి. అందుకని ఆమె బోర్డు నడిమధ్య ఒక చుక్క పెట్టి, “ఈయన కాపరి” అంటుంది. ఆ చుక్క చుట్టూ ఒకదాని బయట ఒకటి వలయాలు గీస్తుంది. వలయాల మీద సుద్దముక్కతో పొడిచినవన్నీ గొర్రెలు.

“కాపరి పక్కన ఉన్న గొర్రెకు ఏ ఫికరు లేదు. దాన్నెవడు తోలుకపోతడు? లోపలి వరుసలయి ఎన్నడు కదలయి. రెండు మందలు నీళ్లకాడ ఎదురుపడితే పక్క మందల కలిసేది అంచు గొర్రె. కొట్లాట దానితోనే వస్తది, చుట్టరికం దానితోనే కలుస్తది. సోడియం గుణమేంది, క్లోరిన్ గుణమేంది అని ఎవరన్న అడిగితే లోపలికి చూడకుండ్రి. అంచున ఎన్ని ఉన్నయో చూడుండ్రి.”

పాఠం పిల్లలకు బాగానే ఎక్కుతుంది. మరీ ఎక్కి, ఒక పిల్ల పరీక్షలో ‘సోడియం తన చివరి గొర్రెను క్లోరిన్‌కు ఇచ్చును’ అని రాసింది. పేపర్లు దిద్దడానికి వచ్చిన పక్క స్కూలు సారు దాన్ని చదివి కుర్చీలోంచి పడబోయాడట. నాగరాణి మాత్రం ఆ పిల్లకు పూర్తి మార్కులు ఇప్పించింది.

తరవాత జడవాయువుల వంతు వస్తుంది. నియాన్, ఆర్గాన్. చివరి వరుసలో ఎనిమిదీ నిండినవాళ్లు. “వీళ్లు ఒకరికి ఇచ్చేది లేదు, ఒకరి దగ్గర తీసుకునేది లేదు. ఎవరి గడప తొక్కరు” అంటుంది మేడం. ఆ మాట అనేటప్పుడు ఆమె మెడ కొంచెం నిటారుగా అవుతుంది, చెయ్యి కొంగు సర్దుకుంటుంది. ఎవరి గురించి చెబుతోందో పిల్లలకు తెలియకపోయినా మనకు తెలుస్తుంది.

స్టాఫ్ క్వార్టర్సులో ఆమెది చివరి ఇల్లు. ఒక కంచం, ఒక గ్లాసు. రెండో కంచం ఉంది గానీ అది కుండ మీద మూతగా పనిచేస్తుంది. రెండో శనివారం వచ్చిందంటే తల్లిదండ్రులు సద్దిగిన్నెలు పట్టుకుని బడికి వస్తారు, వేపచెట్ల కింద పిల్లలను కూర్చోబెట్టి కోడికూర కలిపి తినిపిస్తారు. ఆ పూట నాగరాణి తలుపు దగ్గరికి వేసుకుని బట్టలు ఇస్త్రీ చేసుకుంటుంది. ఇస్త్రీ అయిపోతే చేసినవే మళ్లీ చేస్తుంది. నాకేం తక్కువ అనుకుంటుంది. తక్కువ లేనివాళ్లు ఆ మాట అన్నిసార్లు అనుకోరు.

ఆమె పుట్టింది మక్తల్ పక్కన ఒక పల్లెలో. తాతలనాటి నుంచీ మంద వెనక నడిచిన ఇల్లు. అన్న బీరన్న బడి మాని కర్ర పట్టుకున్నాడు కాబట్టి చెల్లెలు ఎమ్మెస్సీ దాకా చదవగలిగింది. నల్లగొండ వైపు సంబంధం చేశారు. పెళ్లయి రెండేళ్లు తిరగకుండానే భర్త మోటారు సైకిల్ మీద పోతూ లారీ కింద పడి చనిపోయాడు. అత్తగారింట్లో ఉండబుద్ధి కాలేదు. కాంట్రాక్టు కొలువులు చేసి, తెలంగాణ వచ్చాక ఈ గురుకులాలు తెరిచినప్పుడు పరీక్ష రాసి ఇక్కడ చేరింది. ఇంతవరకూ కష్టమే గానీ సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అసలు దెబ్బ అన్న కూతురు స్నేహలత పెళ్లిలో తగిలింది. వాళ్ల వైపు పెళ్లిలో కుమ్మరి ఇంటి నుంచి ఐరేని కుండలు తేవాలి. రంగులు పూసిన ఆ కుండల్లో మొదటిది ఆ ఇంటి ఆడబిడ్డ, అంటే పెళ్లికూతురి మేనత్త, నెత్తిన పెట్టుకుని రావాలి. పెళ్లికూతురికి ఉన్న ఒక్కగానొక్క మేనత్త నాగరాణి. స్నేహలతను ఎత్తుకుని పెంచింది కూడా ఆమే. కొత్తచీర కట్టుకుని, నెత్తిన బట్టచుట్ట పెట్టుకుని చేతులు చాచింది. అప్పుడు ఎవరో ముసలమ్మ, “నువ్వద్దు బిడ్డా. జర పక్కకుండు. మంచి జరిగే కాడ” అంది. డప్పులు మోగుతూనే ఉన్నాయి. కుండ బీరన్న చేతుల్లో ఉంది. ఆయన చెల్లెలి మొహం చూడలేదు, నేల చూశాడు. కుండ ఇంకెవరి నెత్తికో వెళ్లింది.

ముసలమ్మ అన్నందుకు ఆమెకు పెద్ద బాధ లేదు. ముసలమ్మలు అంటారు, అనడానికే ఉంటారు. అన్న నేల చూశాడు, అదే ముల్లు. ఆ సాయంత్రమే బస్సెక్కింది. బీరన్న కొన్నాళ్లు ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు. తరవాత ఆయన చేయడం మానేశాడు. చేయడం మానేసినందుకు ఆమెకు ఇంకా కోపం వచ్చింది. ఇప్పుడు స్నేహలతకు ఇద్దరు పిల్లలట. వాళ్ల పేర్లు కూడా ఈ మేనత్తమ్మకు తెలియవు.

అంతటితో అయిపోతే ఒక రకం. కానీ ఏటా యాసంగి కోతలు కాగానే పాలమూరు మందలు మూసీ ఆయకట్టుకు దిగుతాయి. కోసిన వరి కొయ్యలు మేస్తాయి. రాత్రి ఏ రైతు పొలంలో పడుకుంటే ఆ రైతుకు ఎరువు. నాగరాణి ఈ బడికి వచ్చిన మొదటి ఏడే, మేడ మీద ల్యాబు కిటికీలోంచి చూస్తే, గోడ వెనక నాగేందర్ అనే రైతు మడిలో ఒక మంద దిగి ఉంది. కాపరి వలకంచె కడుతున్నాడు. ముడి బిగించేటప్పుడు ఎడమ మోకాలు ముందుకు వంచడం చూసి అన్నను గుర్తుపట్టింది. కిటికీ మూసేసింది. కాసేపటికి మళ్లీ తీసింది.

నాగేందర్ మడి రాళ్ల మడి. మేత తక్కువ. కాలువ అవతల మంచి మళ్లున్నాయి, అక్కడి రైతులు పిలుస్తారు కూడా. అయినా బీరన్న మంద ఏటా ఇక్కడికే వస్తుంది. కొయ్యలు అయిపోయాక కూడా కదలదు. పొద్దున దూరం తోలుకెళ్లి మేపుకొచ్చి, సాయంత్రం మళ్లీ ఇదే రాళ్ల మీద పడుకోబెడతాడు. ఎండాకాలం సెలవులిచ్చి పిల్లలు వెళ్లిపోయిన మర్నాడు కిటికీ తీస్తే మడి ఖాళీగా, నల్లటి పెంటికలతో ఉంటుంది. మేత లేక పోయాడులే అనుకుంటుంది నాగరాణి. ఆమె సెలవుల్లో ఎక్కడికీ పోదు. తాళంచెవుల బాధ్యత తనే అడిగి తీసుకుంటుంది. ప్రిన్సిపాల్‌కు ఇంతకంటే ఏం కావాలి?

ఆమె పోదు. ఆయన రాడు. మధ్యలో ఆరడుగుల గోడ. మంద ఉన్నన్నాళ్లూ సాయంత్రాలు గంటల చప్పుడు వస్తుంది, కుక్క మొరుగుతుంది, ఆయన గొర్రెలను అదిలించే కేక వినిపిస్తుంది. నాగరాణి అన్నం ముందు కూర్చుని ఆ కేక వింటుంది. అది తన అన్న అని బడిలో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎందుకు మాట్లాడవని అడుగుతారు.

ఈ ఏడు ఆ మంద సంగతి వంటమనిషి పుష్పమ్మ తెచ్చింది. పుష్పమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. టిఫిన్ దగ్గర ఉప్మా వడ్డిస్తూ, “గోడెనక మక్తలాయన లేడా మేడం, గాయనకు గిదే ఆఖరట. మోకాళ్లు పోయినయట. కొడుకు హైదరాబాద్ల కారు నడుపుతుండట, గొర్రెలు మనతోని కాదన్నడట. మంద అమ్మేస్తుండు. పాపం, గా రాళ్లమడి మీద ఆయనకేం పావురమో, ఏం ప్రేమో, ఏటా వస్తుండె” అంది.

“అట్లనా” అంది నాగరాణి. ఉప్మా తినేసి, చెయ్యి కడుక్కుని, ల్యాబుకు వెళ్లి తలుపేసుకుంది.

ఇన్నేళ్లూ ఆమె అన్నతో మాట్లాడలేదన్న మాట నిజమే. కానీ ఆయన గోడ అవతల ఉన్నప్పుడు మాట్లాడకపోవడం ఒకటి, ఎక్కడా లేనప్పుడు మాట్లాడకపోవడం ఒకటి. కోపం నిలబెట్టుకోవడానికైనా ఎదుటి మనిషి కావాలి. వచ్చే ఏప్రిల్‌లో కిటికీ తీస్తే ఎవరూ ఉండరు. ఆ తర్వాతి ఏప్రిల్‌లోనూ ఉండరు. ఇక ఈ లోకంలో తనది అనేది ఏదీ గోడ దగ్గరికి రాదు. ఈ ఆలోచన వచ్చేసరికి ఆమెకు భయం వేసింది. భర్త పోయినప్పుడు కూడా అంత భయం వేయలేదు. అప్పుడు అన్న ఉన్నాడు.

పోయి పలకరించవచ్చు కదా అంటారు. ఏమని పలకరిస్తుంది? పంతం పట్టడం తేలిక, దింపుకోవడానికి ఒక వంక కావాలి.

పరీక్షలు దగ్గరపడ్డాయని మధ్యాహ్నం పిల్లలను మైదానంలోకి తీసుకెళ్లి పాఠం మళ్లీ ఆడించింది. ముగ్గుతో వలయాలు గీసి, ఒక్కో పిల్లకు ఒక్కో మూలకం పేరు ఇస్తుంది. అంచున నిలబడ్డ పిల్లలు పక్క వలయం పిల్లల చేతులు పట్టుకోవాలి. అలా ఉప్పు తయారవుతుంది, నీళ్లు తయారవుతాయి, గోల కూడా తయారవుతుంది. పేర్లు పంచుతుంటే రూప అనే పిల్ల ముందుకొచ్చి, “నేను ఆర్గాన్ మేడం” అంది.

“ఎందుకే?”

“ఎవ్వరి చెయ్యి పట్టుకునే పనుండదు.”

రూపది మేళ్లచెరువు. తల్లి లేదు. తండ్రి సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు. ఆ పిల్లకు రెండో శనివారం ఎవరూ రారు. ఆ పూట లైబ్రరీలో కూర్చుంటుందని నాగరాణికి తెలుసు. మిగతా పిల్లలు కేకలు వేస్తూ చేతులు కలుపుతుంటే రూప జెండా కర్ర పక్కన ఒక్కతే, చేతులు కట్టుకుని, మెడ నిటారుగా పెట్టుకుని నిలబడింది. ఆ మెడను చూసి నాగరాణికి చెంప మీద కొట్టినట్టయింది. ఈ మెడ ఎక్కడ నేర్చుకుంది పిల్ల? ఇంకెక్కడ, తన క్లాసులోనే.

ఆట అయ్యాక రూప ఒక చిరిగిన ఇంటర్ పుస్తకం పట్టుకొచ్చింది. “మేడం, జడవాయువులు ఎవ్వరితోని కలవయంటిరి. గిండ్ల జినాన్ ఫ్లోరిన్‌తోని కలుస్తదని ఉంది. పుస్తకం తప్పా, మీరు తప్పా?”

పుస్తకం తప్పు కాదు. నాగరాణికి అది ఎమ్మెస్సీ నాటి నుంచీ తెలుసు. “అది పైతరగతి పాఠం. ఇప్పుడు నీకు అక్కర్లేదు” అంది. రూప పుస్తకం మూసుకుని వెళ్లిపోయింది. అక్కర్లేదన్నది ఎవరికో, ఆలోచిస్తూ నిలబడింది నాగరాణి.

ఆ సాయంత్రం డ్యూటీ ఆమెదే. పిల్లలు చదువుకు కూర్చునే ముందు వంటింటి వెనక పెద్ద గలభా అయింది. కాలువ నీళ్ల పైపు కోసం గోడకు కొట్టిన కంతలోంచి ఒక గొర్రె దూరి, పుష్పమ్మ పెంచుకుంటున్న పాలకూర మడి సగం నమిలేసింది. పుష్పమ్మ గరిటె పట్టుకుని తిడుతోంది. గొర్రెను పట్టుకుంది రూప. మెడ చుట్టూ చేతులు వేసి వదలకుండా కూర్చుంది. వాచ్‌మన్ యాదయ్య దాన్ని నల్లా గొట్టానికి కట్టేశాడు.

“ఉండనీ మేడం. ఆయననే వచ్చి బతిమాలుకొని తీస్కపోతడు” అన్నాడు.

నాగరాణి దగ్గరికి వెళ్లింది. నల్లమొహం, గోధుమరంగు ఒళ్లు. మందలో ఎప్పుడూ అంచునే నడిచే రకం, చూపు చూస్తేనే తెలుస్తుంది. అలవాటుగా చెవి మీద చెయ్యి వేసింది. కుడి చెవికి ఏమీ లేదు. ఎడమ చెవి కొన రెండుగా చీల్చి ఉంది, దాని కింద నెలవంకలాంటి గాటు.

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

వాళ్ల ఇంటి గుర్తు కుడి చెవికి ఉంటుంది. ఎడమ చెవి ఆడబిడ్డది. పెళ్లి చేసి పంపేటప్పుడు పుట్టింటివాళ్లు ఆడపిల్లకు ఒక గొర్రెను ఇస్తారు, దాని చెవికి ఆమె గుర్తు కోస్తారు. అత్తగారింట మంద లేకపోతే అది అన్న మందలోనే ఉంటుంది. దానికి పుట్టినవి, వాటికి పుట్టినవి అన్నీ ఆడబిడ్డవే. నాగరాణికి ఆ చీలిక, ఆ నెలవంక ఎంచి కోసింది నాయిన. ఆ గొర్రె ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. దాని సంతానాన్ని అన్న తన వాటిలో కలిపేసుకుని ఉంటాడనుకుంది. మాటలు లేని ఇంట్లో గుర్తులెవరు కోస్తారు?

వంగి గొర్రె దవడ నొక్కి నోరు తెరిచింది. గొర్రె వయసు పళ్లలో ఉంటుంది. ముందర రెండే పెద్ద పళ్లు వచ్చాయి. అంటే నిరుడు పుట్టిన పిల్ల. ఈ చెవి కోసి ఏడాదిన్నర కూడా నిండి ఉండదు. తను ఫోన్ ఎత్తని ఏళ్లన్నీ, కిటికీ మూసుకున్న ఏళ్లన్నీ, ప్రతి ఈతకూ అన్న పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని, ఎడమ చెవి వెతుక్కుని, ఈ నెలవంక కోస్తూనే ఉన్నాడు. నాగరాణి గొర్రె మెడలో మొహం దాచుకుంది. పాలకూర వాసన, ఉన్ని వాసన. ఏడుపు వచ్చింది. పిల్లలు చూస్తున్నారని కూడా ఆపుకోలేదు.

తాడు విప్పుతుంటే యాదయ్య, “మీకెందుకు మేడం, నేను తోలుకపోత” అన్నాడు.

“ఒంటి గొర్రె నీ మాట వినదు.”

అది నిజం. మంద లేని గొర్రె కొడితే మొండికేస్తుంది గానీ అడుగు వేయదు. నాగరాణి ముందు నిలబడి, నాలుకను అంగిలికి ఆనించి ఆ కేక వేసింది. చిన్నప్పుడు అన్న వెనక ఉత్తకాళ్లతో నడుస్తూ నేర్చుకున్న కేక. మొదటిసారి గొంతు పెగలలేదు. రెండోసారి వచ్చింది. గొర్రె చెవులు నిక్కబొడిచింది. ఆమె గేటు వైపు నడిస్తే కాళ్లకు ముట్టె రాసుకుంటూ వెనకే వచ్చింది. కెమిస్ట్రీ మేడం గొంతులోంచి అలాంటి చప్పుడు వస్తుందని పిల్లలెవరూ అనుకోలేదు. పుష్పమ్మ గరిటె దించేసింది.

రూప ఎవరినీ అడగకుండానే వెంట వచ్చింది. పొమ్మనలేదు నాగరాణి. గోడ పక్క బాటలో నడుస్తూ, “జినాన్ సంగతి అడిగితివి గద” అంది.

“పైతరగతి అంటిరి.”

“ఆర్గాన్ చిన్నది. దాని చివరి వరుస కాపరికి దగ్గర, పట్టు గట్టిగుంటది. జినాన్ పెద్దది. దాని అంచు చానా దూరం. నడుమ అన్ని వరుసలు అడ్డముంటయి. గంత దూరాన పట్టు సడలుతది. గప్పుడు ఫ్లోరిన్ అసొంటిది ఎదురొస్తే, నిండినది కూడ చెయ్యి ఇస్తది. పుస్తకం తప్పు కాదు.”

నల్లగొండ వైపు పిల్లకు నీళ్లలో ఉండే ఫ్లోరిన్ ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. ఊళ్లో వంకర కాళ్లూ పచ్చ పళ్లూ చూస్తూ పెరిగింది, అది ఎముకను కూడా వదలదని తెలుసు. కొంచెం దూరం నడిచి, “అయితే పెద్దగయ్యే దాంక ఆగాల్నా?” అని అడిగింది.

“ఆగద్దు. నువ్వు ఆర్గాన్‌వి కావే. గీ వయసుల ఎవ్వరు నిండరు. నేనే నిండలే.”

మడి దగ్గర బీరన్న ఒక్కడే ఉన్నాడు. తోడు కాపరులు నీళ్లకు పోయినట్టున్నారు. మంద అప్పుడే వచ్చి నిలబడింది. ఆయన వలకంచె ఒక కొస గుంజకు కట్టి రెండో కొస లాగుతున్నాడు. అటు బిగిస్తే ఇటు జారుతోంది. మోకాలికి గుడ్డ చుట్టుకున్నాడు. జుట్టంతా తెల్లబడింది. కిటికీలోంచి ఇంత తెలుపు కనిపించలేదు. వచ్చేవాళ్లను చూసి వల వదిలేసి నిలబడ్డాడు.

నాగరాణికి దారంతా అనుకున్నవి ఒక్కటీ గుర్తులేదు. ఆఖరికి, పరాయి కాపరులు అనుకునే మాటే అంది.

“గొర్రె దొరికింది. గుర్తు చెప్పి తీస్కపో.”

దానికొక పద్ధతి ఉంది. తప్పిన గొర్రెను అడగడానికి వచ్చినవాడు దాన్ని చూసి గుర్తు చెప్పకూడదు. మొహం పక్కకు తిప్పుకుని చెప్పాలి. చూసి ఎవడైనా చెబుతాడు. బీరన్న మెల్లగా కాలువ వైపు తిరిగాడు. వీపు చెల్లెలి వైపు ఉంది.

“ఎడమ చెవి” అన్నాడు. “కొన చీలిక. కింద నెలవంక గాటు.”

“ఎవరిది?”

ఇది కూడా అడగాల్సిందే. ఒక మందలో నలుగురివి ఉంటాయి.

“మా చెల్లెది.”

“మీ చెల్లె యాడుంటది?”

ఇది పద్ధతిలో లేదు. బీరన్న కాలువ వైపే చూస్తూ “గోడకు అవుతల” అన్నాడు.

“ఎన్నడన్న పోయి పలకరించినవా?”

“మొఖం చెల్లలే, నాగీ. గేటు దాక వచ్చిన, మళ్లిపోయిన. గా నాడు కుండ నా చేతులనే ఉండె. నీ నెత్తిన పెట్టాల్సినోన్ని నేనే. నలుగుర్ల నోరు లేవలే. ఇంటికొచ్చినంక లేసింది. లేసి ఏం ఫాయిదా, నువ్వు బస్సెక్కినవ్.”

ఆయన ఇంకా ఇటు తిరగలేదు. తిరిగి ఉంటే ఈ మాటలు వచ్చేవి కావేమో. నాగరాణి చెంపలు తడిచిపోయాయి. ఆ ముల్లు మీద ఇన్నేళ్లు కూర్చుంది, ఇప్పుడది ఎక్కడుందో వెతికితే దొరకడం లేదు.

“మంద అమ్ముతున్నవట” అంది.

“నాయి బేరమైనయి. నీయి ఎట్ల అమ్ముత? నిన్ను అడగాలె గద. గందుకే గీ ఏడు మోకాళ్లు లేకున్న వచ్చిన.”

“అమ్మకు.”

“ఎవరు మేపుతరు?”

“ఊర్లనే ఉంచు. ఇంటికాడ కట్టి గడ్డెయ్యి. నేనొచ్చి చూసుకుంట.”

అప్పుడు తిరిగాడు బీరన్న. చెల్లెలి మొహం చూశాడు. ఐరేని కుండల దగ్గర చూడని మొహం. ఆమె జుట్టులోనూ తెలుపు ఉంది. ఇద్దరూ కాసేపు ఒకరి ముసలితనాన్ని ఒకరు చూసుకున్నారు. గొర్రె మెడ పట్టుకుని నిలబడ్డ రూప దాన్ని వదిలింది. అది నాలుగు గంతుల్లో మందలో కలిసింది, కలిసి మళ్లీ అంచునే నిలబడింది.

“మాకు సెలవులు ఎప్పుడిస్తరంటే…” అని మొదలుపెట్టింది నాగరాణి.

“ఎరుకే” అన్నాడు బీరన్న. “ఏటా గా రోజు దాక ఈడనే ఉంటున్న. పిల్లలందరు పెట్టెలు పట్టుకొని పోతుంటరు. నువ్వు కూడ బ్యాగు పట్టుకొని గేటుకాడికి వస్తవేమో, ఇంటికి తోలుకపోదామని చూస్త. పొద్దుగూకుతది. గేటుకు తాళం పడ్తది. తెల్లారి మంద లేపుత.”

ఆ తాళం వేసేది ఎవరో ఆయనకు తెలియదు. నాగరాణి చెప్పలేదు. ఏటా ఆ సాయంత్రం లోపలి నుంచి గేటు మూసి, తాళం బిగిసిందో లేదో రెండుసార్లు లాగి చూసింది తనే.

కింద పడి ఉన్న వల రెండో కొస తీసి పట్టుకుంది. అన్న గుంజ దగ్గరికి నడిచి ముడి వేయసాగాడు.

“చెప్పులు తొడుక్కోకపోయినవా నాగీ” అన్నాడు తల ఎత్తకుండా. “కొయ్యలు గుచ్చుకుంటయి.”

మడి గట్టు దగ్గర చెప్పులు ఎప్పుడు విడిచిందో ఆమెకు గుర్తులేదు.